జనవరిలో పుట్టిన ఊరు

“ఈ పిల్ల నోరు ఏదో ఒకరోజు మనల్ని ఊరి బయట నిలవెడ్తది, సూడు,” అన్నది విమలమ్మ.

అప్పటికి ఏమీ జరగలేదు. ఆమె కూతురు శృతి అసలు నోరే తెరవలేదు. అరుగు చివర కూర్చుని కాలేజీ నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నది. భర్త ఆశన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. విమలమ్మ ఒళ్లో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి బీడీ చుడుతూ ఆ మాట అన్నది.

“ఇప్పుడేమన్నదే అది,” అన్నాడు ఆశన్న.

“అనలే. అంటది.”

విమలమ్మకు భయపడడానికి కారణం అక్కర్లేదు. బోధన్ బస్సు పావుగంట ఆలస్యమైతే రోడ్డు మలుపులో బోల్తా పడిందనే ఆమె అనుకుంటుంది. ఆశన్న ఫోన్ ఎత్తకపోతే మోటరు దగ్గర షాకు కొట్టి పడిపోయాడనే అనుకుంటుంది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి పేపర్లో చావుల వార్తలు సొంతంగా చదువుకోగలదు. ఆ చదువు వల్ల ఆమెకు ఒరిగిందల్లా కొత్త కొత్త భయాలే.

ఆ సాయంత్రపు భయానికి మూలం శృతి రాసుకుంటున్న కాగితమే. శృతి బోధన్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. రాజనీతిశాస్త్రం చెప్పే సవిత మేడం రోల్ నంబర్ల వరుసన సెమినార్ అంశాలు పంచింది. శృతికి ముందున్న మహేందర్‌కు పంచాయతీరాజ్ వచ్చింది. శృతికి మాత్రం స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఎన్నికలు నడిపే జాతీయ సంస్థలు వచ్చాయి.

“గా దేశాలు యాడున్నయే?”

“సముద్రాల అవతల. ఒక్క స్పెయిన్, ఆఫ్రికాల ఇంకొకటి తప్ప అన్నీ అమెరికా ఖండం దిక్కే.”

“మరి గాళ్ల ఎలక్షన్లతోని మనకేం పని? మీ మేడంకు నీ మీద పగనా ఏంది?”

“పగ కాదమ్మ. నంబరు గట్ల వచ్చింది.”

విమలమ్మ మనసు ఊరుకోలేదు. నలభై మంది ముందు నిలబడి ఎన్నడూ వినని దేశాల గురించి పిల్ల మాట్లాడాలి. ఒక్కచోట తడబడితే నవ్వుతారు. నవ్వితే పిల్ల కాలేజీ మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకా ఎక్కడెక్కడికో పోయింది ఆమె ఆలోచన. అందుకని రోజూ పొద్దుగూకే వేళ, బీడీలు చుడుతున్నంత సేపూ, తన ముందు పాఠం అప్పజెప్పమన్నది.

“మెక్సికోల పోలింగు బూతుల కూసునేది సర్కారు నౌకర్లు కాదు,” అని చెప్పేది శృతి. “గా గల్లీలోళ్లే. ముందుగాల ఒక నెల పేరు చిట్టీ తీస్తరు. గా నెలల పుట్టినోళ్ల పేర్లు లిస్టులకెల్లి ఏరుతరు. ఎనుక ఒక అక్షరం తీస్తరు. గా అక్షరంతోని ఇంటిపేరు మొదలైనోళ్లకు నేర్పిచ్చి బూతుల కూసోవెడ్తరు. ఓట్లు లెక్కవెట్టేది గూడ గాళ్లే.”

“బీడీలు చుట్టేదాని పేరొస్తె?”

“బీడీలు చుట్టేదే కూసుంటది.”

విమలమ్మ చెయ్యి ఆగింది. “లెక్క తప్పితె జైలుల వేస్తరా?”

“ముందే నేర్పిస్తరని చెప్పిన గద.”

“నేర్పినా తప్పుతది,” అని మళ్లీ ఆకు అందుకున్నది విమలమ్మ.

కోస్టారికాలో ఎన్నికల ట్రిబ్యునల్ ఉంటుందట. అక్కడ సర్కారు, అసెంబ్లీ, కోర్టు ఎంతనో అదీ అంతేనట. ఓట్ల జాబితాయే కాకుండా పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు కూడా దాని దఫ్తరే రాసుకుంటుందట. ఉరుగ్వేలో అయితే అలాంటి ఎన్నికల కోర్టు పుట్టి వందేళ్లు దాటిందట. పెరూ సంగతి విమలమ్మకు అన్నిటికన్నా నచ్చింది. అక్కడ ఒక సంస్థ జనం పేర్లు రాస్తుంది, ఇంకొకటి ఎన్నిక నడుపుతుంది, తగాదా వస్తే తీర్పు చెప్పేది మూడోది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు.

“అన్ని దేశాల్ల గిట్లనే మంచిగుంటదా?” అని అడిగింది ఒకరోజు.

“ఉండది. కొన్నింట్ల గా సంస్థ కుర్సీల ఉన్నోని మాటనే వింటదట. పేరు మాత్రం గొప్పగనే ఉంటది.”

“గది చెప్పకు. ఎవలన్న ఇంటె మననే అంటున్నరనుకుంటరు.”

వారం తిరిగేసరికి శృతి ఎక్కడైనా ఆగితే విమలమ్మే అందించేది. పిల్ల తడబడుతుందేమో అనే భయంతో పాఠమంతా ఆమెకే నోటికి వచ్చేసింది. సెమినార్ రోజు శృతి తడబడలేదు. సవిత మేడం మెచ్చుకున్నది, పిల్లలు చప్పట్లు కొట్టారు. విమలమ్మ కూతురికి మిరపకాయలతో దిష్టి తీసింది. ఇక ఆ దేశాల పీడ వదిలింది అనుకున్నది.

ఆ శనివారం పొద్దున లింబయ్య డప్పు కొట్టుకుంటూ గల్లీలోకి వచ్చాడు. ఊళ్లో ఏ చాటింపైనా అతనే వేస్తాడు.

“రేపు పొద్దుగాల పదిగంటలకు కమిటీ హాలు కాడ మీటింగు. కొత్త కమిటీ ఎన్నిక. ఇంటికొక మనిషి రావాలె. రాకుంటె దండుగ కట్టాలె.”

కమిటీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. ఊరు బోధన్‌కు రెంజల్‌కు నడుమ, నిజాంసాగర్ కాలువ చివరన ఉంటుంది. పంచాయతీ ఉంది, సర్పంచ్ ఉన్నాడు, రెంజల్‌లో పోలీసు స్టేషనూ ఉంది. కానీ ఊళ్లో నడిచేది కమిటీ మాట. చివరి పొలాలకు కాలువ నీళ్ల వంతు ఎప్పుడో కమిటీ చెప్పాలి. కిరాణా దుకాణం ఎవరు పెట్టాలో, గొడవ పడ్డ అన్నదమ్ముల్లో ఎవరిది తప్పో, తప్పు చేసినోళ్లు దండుగ ఎంత కట్టాలో అన్నీ కమిటీయే. పన్నెండేళ్లుగా ఆ కమిటీకి పెద్ద పరమేశ్వర్. ఏడాదికోసారి ఎన్నిక అంటారు. ఎన్నిక అంటే పరమేశ్వర్ లేచి పాత కమిటీయే కొనసాగుతుందని చెప్పడం, జనం చప్పట్లు కొట్టడం, తలా ఒక చాయ్ తాగి ఇంటికి పోవడం.

కమిటీ మాట వినకపోతే ఏమవుతుందో పోయినేడు ఊరంతా చూసింది. ఆత్మారాం తన పొలం సరిహద్దు గెట్టు తగాదాను కమిటీకి కాకుండా పోలీసు స్టేషన్‌కు తీసుకుపోయాడు. తెల్లారి లింబయ్య డప్పు మోగింది. ఆత్మారాం ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు, దుకాణంలో సామాను ఇవ్వొద్దు, కూలికి పిలవొద్దు. అతని భార్య తారాబాయి ఉప్పు ప్యాకెట్టు కోసం పక్క ఊరికి నడిచిపోయేది. తారాబాయి, విమలమ్మ ఒకే అరుగు మీద పదేళ్లు బీడీలు చుట్టినవాళ్లు. ఆ మూడు నెలలు విమలమ్మ అరుగు మీద తారాబాయి జాగా ఖాళీగా ఉంది. తారాబాయి ఎదురొస్తే విమలమ్మ చీర కొంగు చూసుకుంటూ పక్కనుంచి పోయింది. మూడు నెలల తర్వాత ఆత్మారాం హాలు ముందు నిలబడి తప్పయిందన్నాడు. గెట్టు పోయింది. తారాబాయి మళ్లీ అరుగు మీదికి వచ్చి కూర్చున్నది. ఎందుకు మాట్లాడలేదని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని విమలమ్మకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆదివారం పొద్దున నీళ్ల వంతు ఆశన్నకే వచ్చింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ పక్క చెరుకు వేసేవాళ్లు తగ్గారు. ఆశన్న మాత్రం ఎకరన్నర చెరుకు వదల్లేదు. కాలువ తోకన ఉన్న పొలం, ఈ తడి తప్పితే తోట ఎండిపోతుంది. వంతు రెండు రోజులు. అందుకే అతను పొలంలోనే ఉండిపోయాడు, మీటింగుకు విమలమ్మ బయల్దేరింది. శృతిని ఇంట్లో ఒంటరిగా వదిలితే గ్యాస్ ఆపడం మరిచిపోతుందని వెంట తీసుకుపోయింది.

“గాడ నువ్వు మాట్లాడద్దు.”

“సరేనమ్మ.”

“నవ్వద్దు గూడ. ఎందుకు నవ్వినవని అడుగుతరు.”

హాలులో మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు కింద జంపఖానా. ఎదురుగా బల్ల వెనక చేతులున్న పెద్ద కుర్చీలో పరమేశ్వర్ కూర్చున్నాడు. అతని పక్కన లెక్కలు రాసే దేవిదాస్ లావుపాటి రిజిస్టరు ముందు పెట్టుకుని ఉన్నాడు. ఇంటింటి నుంచి తీసుకున్న ఆధార్ కార్డు జిరాక్సులన్నీ ఆ రిజిస్టరులో అతికించి ఉంటాయి. పరమేశ్వర్ తల్లి భీమవ్వ ఆడవాళ్లకు ముందు, గోడకు ఆనుకుని కూర్చున్నది. ఎనభై దాటిన మనిషి. ప్రతి మీటింగుకూ వస్తుంది, ఒక్క మాటా మాట్లాడదు.

పరమేశ్వర్ లేచాడు. “అందరు బిజీగున్నరు. నాట్లు, నీళ్లు. జల్ది ముగిద్దాం. పాత కమిటీనే నడుస్తది. చప్పట్లు కొట్టుండ్రి.”

చేతులు లేచాయి. విమలమ్మ చేతులూ లేచాయి. అప్పుడు ఆమె పక్కనుంచి మాట వినబడింది.

“పెద్దబాపు, ఎన్నిక అన్నరు గద. ఓట్లు పెడితె మంచిగుంటది.”

శృతి లేచి నిలబడి లేదు. కూర్చున్న చోటి నుంచే, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నది. విమలమ్మ ఆమె తొడ గిచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

పరమేశ్వర్‌కు కోపం రాలేదు. నవ్వు వచ్చింది. “ఆశన్న బిడ్డవు గద నువ్వు. మా మహేందర్ చెప్పిండు. కాలేజీల మెక్సికోల ఎలక్షన్లు నడిపి వచ్చినవట.”

మహేందర్ పరమేశ్వర్ తమ్ముడి కొడుకు. వెనక వరసలో కూర్చున్నవాడు తల దించుకున్నాడు. మగవాళ్లు నవ్వారు.

“చెప్పు మరి. గాడ ఎట్ల జేస్తరు? మేం గూడ నేర్సుకుంటం.”

“వద్దు పటేలా, పిల్లకు తెల్వది,” అన్నది విమలమ్మ.

“చెప్పనియ్యక్కా. చదువుకున్న పిల్ల.”

శృతి లేచి చెప్పింది. నెల పేరు చిట్టీ తీయడం, ఆ నెలలో పుట్టినవాళ్లను ఏరడం, వాళ్లే బూతులో కూర్చుని ఓట్లు లెక్కపెట్టడం. “గట్లయితె ఎవలు కూసోవాలెనో పెద్దమనుషులు చెప్పే పనుండది. ఎవల మీద అనుమానముండది.”

“ఓ, గంతేనా. మరి తీద్దాం తియ్యి.” పరమేశ్వర్ దేవిదాస్ వైపు తిరిగి కన్ను కొట్టాడు. “రాయి, దేవన్నా. పన్నెండు నెలలు రాయి. మన ఊరు గూడ మెక్సికో అయితది ఇయ్యాల.”

దేవిదాస్ కాగితం చింపి పన్నెండు చిట్టీలు రాసి, నీళ్లు తాగే చెంబులో వేశాడు. తీయడానికి ఎవరూ లేవలేదు. పరమేశ్వర్ నవ్వుతున్నా, ఆ నవ్వు ఎంతవరకు నవ్వో అందరికీ తెలుసు. కాసేపటికి తారాబాయి లేచింది. వెలి ముగిసిన తర్వాత ఆమె హాలులో నలుగురి ముందూ లేవడం అదే మొదటిసారి. పోయి ఒక చిట్టీ తీసి, చూడకుండానే దేవిదాస్ చేతిలో పెట్టింది.

“జనవరి,” అని చదివాడు దేవిదాస్.

రిజిస్టరు తెరిచి, ఒక్కో జిరాక్సు మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. “లింబయ్య, జనవరి ఒకటి. తారాబాయి, జనవరి ఒకటి. ఆత్మారాం, జనవరి ఒకటి. హన్మాండ్లు, జనవరి ఒకటి. విమలమ్మ, జనవరి ఒకటి.” పేజీ తిప్పాడు. “భీమవ్వ, జనవరి ఒకటి.” ఇంకో పేజీ తిప్పి ఆగిపోయాడు. “గిదేంది పటేలా, అందరిదీ ఒక్కటే తేది.”

హాలు గొల్లున నవ్వింది.

ఆధార్ కార్డుల వాళ్లు బడిలో క్యాంపు పెట్టిన రోజు సంగతి అది. నిజామాబాద్ నుంచి వచ్చిన పిలగాడు కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టిన తేదీ అడిగాడు. పెద్దవాళ్లలో చాలామందికి తేదీ తెలియదు; ఏడు చదివిన విమలమ్మ దగ్గరా బడి కాగితం లేదు. వరికోతలప్పుడు అన్నది ఒకామె. కాలువకు గండి పడ్డ యాడాది అన్నాడు ఒకాయన. బయట బడి గేటు దాకా వరస ఉంది. ఆ పిలగాడు ముఖం చూసి ఒక సంవత్సరం అనుకుని, దాని ముందు జనవరి ఒకటి కొట్టి, తర్వాతి మనిషిని పిలిచాడు. సగం ఊరు అలా కొత్త సంవత్సరం నాడు పుట్టింది.

శృతి ముఖం ఎర్రబడింది. ఆమె చదివిన దేశంలో మనిషి తను ఏ నెలలో పుట్టాడో తెలిసి బతుకుతాడు. ఇక్కడ తన తల్లికే అది తెలియదన్న సంగతి, ఇంట్లో ఆ కార్డు వందసార్లు చూసి కూడా, ఆమెకు తట్టలేదు.

“ఏం బిడ్డా,” అన్నాడు పరమేశ్వర్. “ఇంతమందిని బూతుల కూసోవెడ్తే ఓటేసేటందుకు ఎవలు మిగుల్తరు?”

మళ్లీ నవ్వులు. అయితే ఈసారి ఆడవాళ్ల వైపు నవ్వు వేరుగా ఉంది.

“నా పేరొచ్చింది గద, నాకు గూడ కుర్సీ ఏస్తరా?” అన్నది ఒకామె.

“కుర్సీల కూసుంటె కింద పడ్తవే,” అన్నది పక్కామె.

“మొగోళ్లు ఎన్నేండ్ల సంది కూసుంటలేరు? ఎవలన్న పడ్డరా?”

“ఓట్లు లెక్కవెట్టుడు ఎంత పని? రోజుకు వెయ్యి బీడీలు లెక్కవెడ్తున్నం,” అన్నది తారాబాయి.

శృతి మళ్లీ అందుకున్నది. “ఇంకో చిట్టీ ఉన్నది, పెద్దబాపు. ఇంటిపేరు అక్షరం. గది తీస్తె గింతమందిల పదిమందే మిగుల్తరు. గా పదిమంది చాలు.”

“తియ్యుండ్రి మరి,” అన్నది జంపఖానా మీది నుంచి ఎవరో.

దేవిదాస్ ఆలోచించకుండానే కాగితం చింపబోయాడు. పరమేశ్వర్ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. నవ్వు ఎక్కడికో పోయింది. ఆటగా మొదలుపెట్టింది ఆటగా ఆగడం లేదని అతనికి అప్పుడు అర్థమైంది.

“చాలు,” అన్నాడు. “ఒక పిల్ల వచ్చి ఊరి కట్టుబాటు మీద చిట్టీలాట ఆడిపిస్తే, గాడిదల లెక్క సూసుకుంట కూసున్నం. దేవన్నా, రాయి. ఆశన్న ఇంటి నీళ్ల వంతు గీ నిమిషం సంది ఆగింది. తూము మూసేయమని ఫోన్ కొట్టు. ఆశన్న వచ్చి కమిటీ ముందట తప్పయిందనేదాంక ఆ ఇంటితోని ఎవలు మాట్లాడద్దు. ఇచ్చుడు లేదు, పుచ్చుకునుడు లేదు. లింబయ్యా, సాటింపు ఎయ్యి.”

దేవిదాస్ ఫోన్ తీశాడు. అందరూ వింటుండగానే మాట్లాడాడు. తూము మూయమన్నాడు.

పొలంలో మోకాళ్ల దాకా బురదలో నిలబడి, నీళ్లు ఎందుకు సన్నబడ్డాయో తెలియక కాలువ వైపు చూస్తున్న మొగుడు విమలమ్మకు కనిపించాడు. సగం తడిసిన చెరుకు తోట కనిపించింది. రేపటి నుంచి ఉప్పు ప్యాకెట్టు కోసం పక్క ఊరికి నడవాలి. అరుగు మీద తన పక్క జాగా ఖాళీగా ఉంటుంది. బీడీ కార్ఖానా నుంచి ఆకు తెచ్చేవాడు గుమ్మం దాటి పోతాడు. ఏళ్ల తరబడి ఏ రాత్రి ఏ భయంతో పడుకున్నా చివరికి వచ్చి ఆగింది ఇక్కడే. ఇంకో భయం కోసం ఆమె తన లోపల వెతికింది. దొరకలేదు. దీన్ని మించింది ఏదీ మిగల్లేదు. ఆ ఖాళీలోకి ఎక్కడి నుంచో మంట వచ్చింది. కాళ్ల నుంచి పైకి వచ్చింది. అది తన మీద కోపమా, తారాబాయికి ముఖం తిప్పుకున్న మూడు నెలల మీదా, ఆ కుర్చీ మీదా ఆమెకు తెలియలేదు.

ఆమె లేచి నిలబడింది.

“ఇంటికి పోదాం అమ్మ,” అన్నది శృతి. ఇప్పుడు భయపడుతున్నది పిల్ల.

“కూసో.” విమలమ్మ బల్ల వైపు చూసింది. “పటేలా, పిల్ల తప్పు మాట్లాడలే. నా ముంగటనే సదివింది, నేనే అప్పజెప్పిచ్చుకున్న. పెరూ అని ఒక దేశమున్నది. గాడ పేర్లు రాసేటోళ్లు ఒకలు. ఎన్నిక పెట్టేటోళ్లు ఒకలు. పంచాయితీ తీర్సేటోళ్లు ఒకలు. గీడ పేర్ల రిజిస్టరు నీ కాడనే ఉన్నది. ఎన్నిక నువ్వే పెడ్తవు. తీర్పు నువ్వే ఇస్తవు. తూము తాళంచెవి గూడ నీ కాడనే. అయినా నేను మంచిదనే అన్న. పన్నెండేండ్లు మంచిదనే అన్న. ఆత్మారాం ఇంటిని ఎలేసినప్పుడు, నాతోని పదేండ్లు కూసున్న మనిషితోని మూడు నెలలు మాట్లాడలే. గంత మంచిదాన్ని నేను.”

తారాబాయి తల ఎత్తి చూసింది.

“విమలక్కా, ఆడిదానివని ఊకుంటున్న,” అన్నాడు పరమేశ్వర్.

“ఊకోకు. నువ్వు ఊకున్నా నా చెరుకు ఎండుతది, ఊకోకున్నా ఎండుతది. చిట్టీలు తియ్యమన్నది నువ్వు. పిల్ల అడిగింది ఓట్లు. చెంబుల చిట్టీలు వేపిచ్చింది నువ్వు. నా పేరొచ్చింది. దేవన్న చదివిండు, అందరు ఇన్నరు. పుట్టిన తేది సర్కారోళ్లు రాసింది తప్పే కావచ్చు. కానీ పేరు నాదే. పేరొచ్చినదానిగ ఒక్క మాట అడుగుత. గదానికి జవాబు చెప్తె, నేనే మా ఆయనను తోల్కొచ్చి నీ కాళ్ల కాడ నిలవెడ్త.”

“అడుగు.”

“నిన్ను ఎవలు ఎన్నుకున్నరు?”

పరమేశ్వర్ బల్ల మీది నుంచి చెయ్యి తీశాడు. “ఊరంత ఎన్నుకున్నది. పన్నెండేండ్ల సంది చప్పట్లు కొడ్తున్నరు.”

“గది పాత కమిటీనే నడుస్తదని నువ్వు అన్నంక కొట్టిన చప్పట్లు. నేను మొదటిసారి సంగతి అడుగుతున్న. మొట్టమొదటి పాత కమిటీని ఎవలు పెట్టిండ్రు? ఏనాడు పెట్టిండ్రు? ఎవలు చెయ్యెత్తిండ్రు?”

ఆమె మగవాళ్ల వరస వైపు తిరిగింది. “హన్మాండ్లు అన్నా, నువ్వు ఎత్తినవా?” హన్మాండ్లు తువ్వాలు మడత పెట్టుకున్నాడు. “ఆత్మారాం అన్నా, నువ్వు?” ఆత్మారాం నేల చూశాడు. “దేవన్నా, నీ రిజిస్టరుల ఉన్నదా?” దేవిదాస్ రిజిస్టరు వైపు చూశాడు కానీ తెరవలేదు. లింబయ్య గుమ్మం దగ్గర డప్పు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. చాటింపుకు పొమ్మన్నారు, అతను పోలేదు.

శృతి తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని కూర్చున్నది. పరమేశ్వర్ ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు. ఎవరో ఒకరు నేనెత్తిన అంటారని చూశాడు. ఒక్కరు అబద్ధం చెప్పినా చాలు, అతను గెలుస్తాడు. ఆ అబద్ధం చెప్పడానికి కూడా ఎవరూ లేవలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనని విమలమ్మ నిలబడే ఉంది.

గోడ దగ్గర భీమవ్వ చేతికర్ర పక్కకు జరిపింది. నోట్లోని ఆకువక్కను దవడకు తోసుకుంది. కొడుకు వైపు చూడలేదు, విమలమ్మ వైపే చూసింది.

“ఎవలు ఎన్నుకోలే బిడ్డా,” అన్నది. “వీని బాపు సచ్చిపోయిన పదకొండోనాడు గా కుర్సీ ఖాళీగున్నది. పో, పోయి కూసో అని నేనే అన్న.”